ఫొటోగ్రాఫర్లు ఆన్‌లైన్‌లో కొత్త క్లయింట్లని తెచ్చుకోవడం ఎలా?

కొత్త లెన్స్ కొంటారు, రోజుకో రీల్ పెడతారు, ఆర్నెల్లు గడిచాక "ఆన్‌లైన్‌లో ఏం రావట్లేదండీ, వచ్చేదంతా తెలిసినవాళ్ల ద్వారానే" అంటారు. అలాంటి పేజీ తెరిచి చూస్తే విషయం వెంటనే తెలిసిపోతుంది, పెట్టినవన్నీ వేరే ఫొటోగ్రాఫర్లు మెచ్చుకునే ఫొటోలే, కింద కామెంట్లు పెట్టిందీ వాళ్లే. వాళ్లెవరూ మీకు పని ఇవ్వరు. పని ఇచ్చే మనిషికి మీ లైటింగ్ గురించి పెద్దగా పట్టదు, "వీళ్లు టైంకి వస్తారా, మావాళ్లతో మర్యాదగా ఉంటారా, ఫొటోలు చెప్పిన రోజుకి ఇస్తారా" అన్నదే వాళ్ల బెంగ. ఆ బెంగ తీర్చడమే ఆన్‌లైన్ మార్కెటింగ్ అంటే. కింద చెప్పిన వరసలోనే చెయ్యండి, వరస మార్చొద్దు.

స్టెప్ 1: ఏం తీస్తారో ఒక్కటి తేల్చుకోండి

పెళ్లిళ్లా, పసిపిల్లలా, ప్రొడక్ట్ ఫొటోలా, ఏదో ఒకటి ముందు పెట్టండి. మిగతావి చెయ్యొద్దని కాదు, వస్తే చెయ్యండి, కానీ బోర్డు మీద మాత్రం ఒక్కటే ఉండాలి. "అన్ని రకాల ఫొటోగ్రఫీ చేయబడును" అని వెతికేవాళ్లు ఎవరూ ఉండరు కదా.

స్టెప్ 2: గూగుల్ బిజినెస్ ప్రొఫైల్

గూగుల్‌లో, మ్యాప్స్‌లో వెతికినవాళ్లకి మీ పేరు, ఫోన్, ఫొటోలు, రివ్యూలు చూపించే పేజీ ఇది. ఫ్రీ, ఒక పూట పని. పేరు దగ్గర బిజినెస్‌కి మీరు నిజంగా వాడే పేరే రాయండి, దాని వెనకాల "బెస్ట్ వెడ్డింగ్ ఫొటోగ్రాఫర్" అని తగిలిస్తే గూగుల్ రూల్స్‌కి విరుద్ధం, ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది. మెయిన్ కేటగిరీ స్టెప్ 1లో తేల్చుకున్నదే పెట్టాలి. స్టూడియో లేకుండా ఇంటి నుంచి చేస్తుంటే అడ్రస్ దాచేసి, మీరు వెళ్లే ఏరియాలు ఇవ్వొచ్చు, 20 దాకా తీసుకుంటుంది. డిస్క్రిప్షన్‌కి 750 అక్షరాల లిమిట్, అందులో మీ ప్యాషన్ గురించి కాకుండా ఏం తీస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నది రాయండి. వెరిఫికేషన్‌కి వీడియో అడగొచ్చు, మీ కెమెరాలు, పని చేసే చోటు, ఆ బిజినెస్ మీదేనని తెలిపే ఆధారం చూపిస్తూ ఆపకుండా ఒకే టేక్‌లో తీయండి.

స్టెప్ 3: ఫొటోలు ఎంచుకోవడం

ఆన్‌లైన్‌లో మీ పని చూపించడానికి ఇరవై ఫొటోలు, అంతకంటే ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. పొడుగు వైపు 2048 పిక్సెల్స్, జేపెగ్, కలర్ స్పేస్ (ఫైల్‌లో రంగులు నమోదయ్యే పద్ధతి) ఎస్‌ఆర్‌జీబీ. అడోబీ ఆర్‌జీబీలో ఎక్స్‌పోర్ట్ చేసి పెడితే కొన్ని ఫోన్లలో, యాప్‌లలో రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, మీ ఎడిటింగ్ కష్టమంతా అక్కడే పోతుంది. ఫైల్‌లో లొకేషన్ వివరాలు ఉంటే తీసేయండి, చాలా షూట్లు క్లయింట్ల ఇళ్లలో జరుగుతాయి, వాళ్ల ఇల్లు ఎక్కడో లోకానికి చెప్పే హక్కు మనకి లేదు. ఫొటో పెట్టడానికి వాళ్ల పర్మిషన్ రాతపూర్వకంగా ఉండాలి, పిల్లల ఫొటోలైతే తల్లిదండ్రులది. వాటర్‌మార్క్ వెయ్యొద్దు, మొహం చూడాల్సినచోట మీ పేరు చూడాల్సి వస్తుంది.

ఆ ఇరవై కాకుండా ఒక పూర్తి షూట్‌ని వేరే ఆల్బమ్‌గా, మొదటినుంచి చివరిదాకా పెట్టండి, వెలుతురు బాలేని గదిలో తీసినవి, పెద్దవాళ్ల గ్రూప్ ఫొటోలు అన్నీ కలిపి. ఒక్కో షూట్ నుంచి ఒక్కో అదిరిపోయే ఫొటో ఏరి పెట్టడం ఎవరైనా చేస్తారు, రోజంతా నిలకడగా తీయగలరా లేదా అన్నదే క్లయింట్ చూడాలనుకునేది.

స్టెప్ 4: ఇన్‌స్టాగ్రామ్

దీని మీద ఎక్కువ టైం పెట్టొద్దు. బయోలో పేరు రాసే గడి సెర్చ్‌లో పనికొస్తుంది కాబట్టి అక్కడ మీ పేరు పక్కన ఏం తీస్తారో, ఏ ఊళ్లోనో రాయండి. పైన మూడు పోస్టులు పిన్ చెయ్యొచ్చు, ఒకటి పూర్తి షూట్, ఒకటి క్లయింట్ మాటలు, ఒకటి బుకింగ్ ఎలా చేసుకోవాలో. కారౌసెల్‌లో, అంటే పక్కకి జరుపుతూ చూసే పోస్టులో, ఇప్పుడు 20 ఫొటోల దాకా పడతాయి, రీల్ కంటే అదే మేలు. రీల్ చూసినవాళ్లు పాట విని వెళ్లిపోతారు, కారౌసెల్ చూసేవాళ్లు ఆగి ఒక్కో ఫొటో చూస్తారు. ఫాలోవర్ల సంఖ్య చూసుకోవడం మానెయ్యండి. మనకి కావల్సింది ఈ నెల ఫొటోగ్రాఫర్‌ని వెతుకుతున్న పదిమంది, వాళ్లు ముందు గూగుల్‌లోనే వెతుకుతారు.

స్టెప్ 5: రివ్యూలు అడగడం, అందరూ పాడుచేసేది ఇక్కడే

లోకల్ సెర్చ్‌లో, అంటే దగ్గర్లో ఉన్నవాళ్లకోసం వెతికినప్పుడు, ఎవరిని పైన చూపించాలో గూగుల్ మూడు విషయాలు చూసి తేలుస్తుంది, వెతికినదానికి మీరు ఎంత సరిపోతారు, ఎంత దూరంలో ఉన్నారు, మీకు ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. మొదటిది స్టెప్ 2తో అయిపోయింది. మిగిలింది పేరు, అది తెచ్చేవాటిలో మన చేతికి బాగా దగ్గరగా ఉన్నవి రివ్యూలే. ఇంత ముఖ్యమైన పనిని చాలామంది "ప్లీజ్ 5 స్టార్ ఇవ్వండి సార్" అని అందరికీ ఒకే మెసేజ్ ఫార్వర్డ్ చేసి ముగించేస్తారు. దానికి వచ్చేది "గుడ్ సర్వీస్, నైస్ ఫొటోస్". అది చదివి ఫోన్ చేసేవాళ్లు ఎవరూ ఉండరు.

మొదట ఎప్పుడు అడగాలో చూద్దాం. గ్యాలరీ లింక్ పంపిన రోజు అడక్కండి, ఆ రోజు వాళ్లు ఫొటోలు చూసుకుంటారు, చుట్టాలకి పంపుకుంటారు, మనకోసం కూర్చుని రాసే తీరిక ఉండదు. రెండు మూడు రోజుల్లో వాళ్లే ఏదో ఒక ఫొటో గురించి మెసేజ్ పెడతారు, "అమ్మ ఫొటో ఎంత బాగొచ్చిందో" అని. అదే అదను, ఆ మెసేజ్ కిందే అడగాలి. బ్యాలెన్స్ డబ్బులు అడిగే మెసేజ్‌లో మాత్రం రివ్యూ ఊసు ఎత్తకూడదు, రెండూ కలిస్తే రెండూ చెడతాయి.

ఎవర్ని అడగాలన్నది కూడా ముఖ్యమే. డబ్బు కట్టినవాళ్లని కాదు, మీతో మొదటినుంచీ మాట్లాడి అన్నీ చూసుకున్న మనిషిని అడగండి, పెళ్లి అయితే తరచుగా అది పెళ్లికూతురి అక్కో పెళ్లికొడుకు తమ్ముడో అయ్యుంటారు. మీరు పడ్డ కష్టం చూసింది వాళ్లే.

ఇక ఎలా అడగాలి. నేను పంపేది దాదాపు ఇలా ఉంటుంది: "ఆ ఫొటో మీకు నచ్చినందుకు చాలా సంతోషమండీ. మీలాగే ఫొటోగ్రాఫర్ కోసం వెతుక్కునేవాళ్లకి పనికొస్తుంది, షూట్‌కి ముందు మీకు ఏ విషయంలో కంగారుగా అనిపించిందో, ఆ రోజు ఎలా జరిగిందో రెండు లైన్లు ఈ లింక్‌లో రాయగలరా? నచ్చనిది ఏదైనా ఉంటే అది కూడా రాయండి." కింద ప్రొఫైల్‌లో దొరికే రివ్యూ లింక్, అంతే. ఆ కంగారు గురించిన ప్రశ్న తీసెయ్యకండి, పనంతా చేసేది అదే. దానివల్లే "మా నాన్నగారు కెమెరా చూస్తే బిగుసుకుపోతారు, ఆయన నవ్వుతున్న ఫొటో మొదటిసారి చూశాం" లాంటి రివ్యూ వస్తుంది, అలా బిగుసుకుపోయే నాన్న ఉన్న ప్రతి ఇంటివాళ్లూ అది చదివి ఆగుతారు. రాయకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచెయ్యండి, మళ్లీ అడగొద్దు.

ఇప్పుడు చెయ్యకూడనివి, జాగ్రత్తగా చదవండి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తాం, ఫ్రేమ్ ఫ్రీగా ఇస్తాం అనకూడదు, గూగుల్ ఒప్పుకోదు. ముందు "ఎలా ఉందండీ" అని అడిగి, బాగుందన్నవాళ్లకే లింక్ పంపడం కూడా నిషేధమే, ఇది చాలామందికి తెలియదు. ఫ్రెండ్స్ చేత, చుట్టాల చేత రాయించకండి, కొనుక్కోకండి. పట్టుబడితే రివ్యూలు పోవడమే కాదు, కొన్నాళ్లపాటు కొత్తవి రాకుండా ఆపేస్తారు, దొంగ రివ్యూలు తీసేశామని ప్రొఫైల్ మీద హెచ్చరిక కూడా పెట్టొచ్చు, అప్పుడు నిజంగా రాసినవాళ్ల మాటని కూడా ఎవరూ నమ్మరు. పాత క్లయింట్లందరికీ ఒకే రోజు మెసేజ్ పెట్టడం కూడా నేను వద్దంటాను, రెండేళ్లు ఒక్కటీ లేక ఒక్క రోజులో ముప్పై కనిపిస్తే చదివేవాళ్లకే అనుమానం వస్తుంది. వారానికి ఇద్దర్నో ముగ్గుర్నో అడుగుతూ వెళ్లండి.

వచ్చిన ప్రతి రివ్యూకి జవాబివ్వండి, "థాంక్యూ" అని కాదు, ఆ రోజు జరిగింది ఒకటి గుర్తుచేస్తూ. ఒక స్టార్ వస్తే ఆ రాత్రి ఏమీ రాయొద్దు. మర్నాడు మూడు వాక్యాలు రాయండి, వాళ్లకి ఇబ్బంది కలిగిందని ఒప్పుకుంటూ ఒకటి, ఏం సరిచేస్తారో ఒకటి, ఫోన్‌లో మాట్లాడదామని ఒకటి. డబ్బుల లెక్కలు, వాళ్ల ఇంటి గొడవలు అక్కడ ఎత్తకండి, మీ జవాబు చదివేది ఆ మనిషి కంటే ఎక్కువగా రేపు రాబోయే క్లయింట్. నచ్చలేదని రిపోర్ట్ కొడితే గూగుల్ తీసెయ్యదు, రూల్స్‌కి విరుద్ధంగా ఉంటేనే తీస్తుంది.

స్టెప్ 6: యాడ్స్

కనీసం పది మంచి రివ్యూలు వచ్చేదాకా యాడ్స్ మీద పైసా పెట్టొద్దు. యాడ్ చూసినవాళ్లు తర్వాత మీ పేరు వెతుకుతారు, అక్కడ ఏమీ లేకపోతే పెట్టిన డబ్బు దండగ. పెట్టేటప్పుడు పోస్టు కింద ఉండే బూస్ట్ బటన్ కాకుండా మెటా యాడ్స్ మేనేజర్‌లో (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ పెట్టే టూల్) పెట్టండి, క్లిక్ చేస్తే నేరుగా వాట్సాప్ చాట్ తెరుచుకునేలా.

స్టెప్ 7: "రేట్ ఎంత?" అని మెసేజ్ వస్తే

వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లై (ముందే రాసి ఉంచుకునే జవాబు) సేవ్ చేసి పెట్టుకోండి, కానీ పన్నెండు పేజీల పీడీఎఫ్ వద్దు. మొదలయ్యే రేటు చెప్పేసి, తేదీ ఏంటి, ఎక్కడ, ఎన్ని గంటలు అని అడగండి. "కాల్ చేస్తే చెప్తాం" అంటే సగంమంది వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోతారు. ఆలస్యం అస్సలు వద్దు, వాళ్లు అదే మెసేజ్ ఇంకో నలుగురికి పెట్టే ఉంటారు.

మాట్లాడిన ప్రతి ఒక్కరినీ "మమ్మల్ని ఎక్కడ చూశారండీ" అని అడిగి ఒక షీట్‌లో రాసుకోండి, బుక్ చేసుకోనివాళ్లది కూడా. మూడు నెలలకోసారి ఆ షీట్ తెరిచి, ఒక్క బుకింగ్ కూడా తేని యాప్ మీద టైం పెట్టడం ఆపేసి ఆ గంటలు స్టెప్ 5కి ఇవ్వండి.