కథ చదవడం నేర్చుకుందాం - 5వ పాఠం: కన్నీళ్ల జాడ పట్టుకుని చదవడం

పోయిన పాఠంలో కథకుడి గొంతునీ పాత్రల గొంతునీ విడదీసి వినడం సాధన చేశాం. ఈసారి పని ఇంకాస్త కష్టం. కథలో ఓ పేదవాడు సిగ్గుమాలిన పని చేస్తాడు. చదువుతుంటే ఒళ్లు మండిపోతుంది. లేదంటే "పాపం, ఆకలి ఎంత పనైనా చేయిస్తుంది" అని జాలిపడి పేజీ తిప్పేస్తాం. కోపమైనా జాలైనా తొందరపడి ఇచ్చిన తీర్పే. ఆ తీర్పుని కథ చివరిదాకా ఆపుకుని చదవడమే ఈ పాఠంలో మనం నేర్చుకునేది.

ఇందుకు ప్రేమ్‌చంద్ 'కఫన్' (శవం మీద కప్పే గుడ్డ) కంటే మంచి కథ నాకు తెలీదు. 1935 చివర్లో ఉర్దూలో, 1936లో హిందీలో వచ్చింది. ఆ 1936 అక్టోబరులోనే ఆయన పోయారు. అరగంటలో అయిపోయే చిన్న కథ. ముందు ఒకసారి, పెన్సిల్ పట్టుకోకుండా, పూర్తిగా చదివి రండి. చదవకుండా ఈ పాఠం మొదలుపెడితే నా మాటలే మీకు కథ అయిపోతాయి. అలా కాకూడదు.

కథ క్లుప్తంగా ఇది. చలికాలపు రాత్రి. గుడిసె బయట ఆరిపోయిన నెగడు దగ్గర తండ్రీకొడుకులు ఘీసూ, మాధవ్ కూర్చుని ఉంటారు. లోపల మాధవ్ భార్య బుధియా పురిటి నొప్పులతో అల్లాడుతుంటుంది. వీళ్లు ఎవరి పొలంలోనో తవ్వి తెచ్చిన బంగాళదుంపలు కాల్చుకు తింటారు. లోపలికెళ్లి చూసి రమ్మంటే కొడుకు కదలడు. తను లేచి వెళ్తే తండ్రి దుంపలన్నీ ఊడ్చేస్తాడని వాడి భయం. తెల్లారేసరికి ఆమె చచ్చిపోయి ఉంటుంది, కడుపులో బిడ్డతో సహా. శవం మీద కప్పే కొత్త గుడ్డ కోసం ఊరంతా తిరిగి ఐదు రూపాయలు పోగుచేస్తారు. ఆ డబ్బుతో బజారుకి వెళ్లి, గుడ్డ కొనకుండా, తాగి తిని అక్కడే పడిపోతారు.

ఇప్పుడు పద్ధతి. కథలో కంటికి కనబడే ఒక్క వస్తువుని ఎంచుకుని, అది ఎక్కడెక్కడ వస్తే అక్కడ గుర్తు పెట్టండి. వ్యాఖ్యానం వద్దు, గుర్తు చాలు. ఈ కథకి నేను కన్నీళ్లు ఎంచుకున్నాను.

మొదటి కన్నీళ్లు బంగాళదుంపల దగ్గర వస్తాయి. ఇక్కడ నెమ్మదిగా చదవండి. దుంప చల్లారేదాకా ఆగే ఓపిక ఇద్దరికీ లేదు. పైన అంత వేడి తెలీదు గానీ కొరికితే లోపలి ముద్ద నాలుకనీ అంగిలినీ గొంతునీ కాలుస్తుంది. ఆ నిప్పుని నోట్లో ఉంచుకోవడం కంటే కడుపులోకి తోసేయడమే మేలనిపించి గబగబా మింగుతారు. మింగుతుంటే కళ్లలోంచి నీళ్లు కారతాయి. నాలుగడుగుల దూరంలో మనిషి చచ్చిపోతోంది, వీళ్లకి కన్నీళ్లు వచ్చింది వేడి దుంపకి. ప్రేమ్‌చంద్ ఇక్కడ ఒక్క మాట కూడా అదనంగా అనలేదు. గుర్తు పెట్టేవాడికి మాత్రమే ఇది అందుతుంది.

రెండోసారి, తెల్లారాక ఇద్దరూ గుండెలు బాదుకుని ఏడుస్తారు. ఆ ఏడుపు విని ఇరుగుపొరుగు పరుగెత్తుకొస్తారు. మూడోది జమీందారు ముందు. ఘీసూ నేలమీద తల ఆనించి, కళ్ల నిండా నీళ్లతో చెప్పుకుంటాడు. రాత్రంతా కోడలి తల దగ్గరే కూర్చున్నామనీ చేతనైన వైద్యమంతా చేయించామనీ అంటాడు. అంతా అబద్ధమే. జమీందారుకి వీళ్లంటే అసహ్యం. దొంగతనాలకీ పనికి రానందుకూ వీళ్లని చాలాసార్లు తన్నినవాడు. ఒక్క ఓదార్పు మాట లేకుండా రెండు రూపాయలు పారేస్తాడు. ఇది చూశాక ఒక సంగతి తేలుతుంది: ఆ ఊళ్లో డబ్బు పుట్టాలంటే కన్నీళ్లు చూపించాలి. ఘీసూకి అది బాగా తెలుసు. జమీందారే ఇచ్చాడని చాటుకుంటూ వెళ్తే షావుకార్లు కూడా కాదనలేక తలా రెండణాలో నాలుగణాలో ఇస్తారు. ఈ మధ్యలో ఊరి ఆడవాళ్లు వచ్చి శవాన్ని చూసి రెండు చుక్కలు రాల్చి పోతారు. అదీ గుర్తు పెట్టుకోండి.

చివరిది సారాకొట్లో. కడుపు నిండాక, మత్తు ఎక్కాక, మాధవ్ చేతులు కళ్లకడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తాడు. పాపం, బతికినన్నాళ్లూ ఎంత కష్టపడిందో అంటాడు. ఇది నిజం ఏడుపా, తాగుడు ఏడుపా? కథకుడు చెప్పడు. నాకైతే నిజమే అనిపిస్తుంది. వేడి దుంప తెప్పించినవి వదిలేస్తే, ఈ తండ్రీకొడుకులు డబ్బు కోసం కాని, ఎవరో చూడాలని కాని కార్చని కన్నీళ్లు ఇవొక్కటే. కడుపు నిండితే తప్ప ఆ మనిషికి దుఃఖపడే తీరిక దొరకలేదు. మీకు వేరేలా తోస్తే కారణంతో సహా రాయండి. కారణం కథలోంచే రావాలి.

ఇప్పుడు వెనక్కి వెళ్లి, కథ మొదట్లో కథకుడు నేరుగా మాట్లాడే పేరా వెతకండి. రాత్రింబవళ్లు ఒళ్లు వంచి పనిచేసే రైతుల బతుకు వీళ్ల కంటే గొప్పగా ఏమీ లేదు, రైతుల బలహీనతని సొమ్ము చేసుకునేవాళ్లే బాగుపడ్డారు, అలాంటి సమాజంలో ఇలాంటి మనస్తత్వం పుట్టడంలో వింత లేదు అంటాడాయన. కష్టం మనిషిని పాడుచేసింది అనడం తేలిక. ఆయన చెప్పేది అంతకంటే ఘాటైనది: కష్టపడి పనిచేయడానికి అర్థం లేకుండా చేసిన ఊళ్లో బద్ధకం ఒక రకం తెలివిగా మారింది. ఈ పేరా చదివాక జమీందారు రెండు రూపాయలు ఇంకోలా కనబడతాయి. వైద్యం కోసం ఒక్క పైసా రాలని ఊళ్లో శవం గుడ్డకి గంటలో ఐదు రూపాయలు పుట్టాయి. పాడైపోయింది ఆ ఇద్దరేనా?

ఒక హెచ్చరిక. కథకుడి మాటనే ఆఖరి మాటగా తీసుకోకండి. ఘీసూ కుటుంబాన్ని మొదట్లోనే చమార్ అనే దళిత కులం పేరుతో పరిచయం చేసి, ఊరంతటికీ చెడ్డపేరున్నవాళ్లని రాశాడు. ఈ బద్ధకాన్నీ కఠినత్వాన్నీ ఆ కులానికి అంటగట్టినట్టుందని దళిత విమర్శకులు గట్టిగా నిలదీశారు. నిలదీయాల్సిన సంగతే. నొప్పులు పడుతున్న ఆడమనిషి దగ్గరికి ఆ వాడలో ఒక్క మంత్రసాని కూడా ఎందుకు రాలేదు? కథ అవసరం కోసం వాడని ఖాళీ చేశాడా? గొప్ప కథని ప్రేమించడానికి దాని తప్పుని దాచక్కర్లేదు.

బుధియా సంగతీ చూడండి. పిండి విసిరి, గడ్డి కోసి, సేరు పిండి సంపాదించి ఈ ఇద్దరి కడుపులూ నింపిన మనిషి ఆమె. కథలో ఆమె అరుపులు వినబడతాయి గానీ ఒక్క మాట కూడా లేదు. ఇది కథకుడి నిర్లక్ష్యమా, ఆ ఊరి నిర్లక్ష్యాన్ని చూపించడమా? నేనింకా తేల్చుకోలేదు.

ఈ కథ 1977లో మన భాషలోకి సినిమాగా వచ్చింది. మృణాల్ సేన్ 'ఒక ఊరి కథ' తీశారు, ఘీసూ అందులో వెంకయ్య అయ్యాడు. చూడగలిగితే చూడండి గానీ అభ్యాసం అయ్యాకే.

అభ్యాసం: కథని మళ్లీ చదవండి, ఈసారి కన్నీళ్లు వదిలేసి డబ్బు వెంట పడండి. ప్రతి రూపాయి, ప్రతి అణా ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్లిందో, ఇచ్చినవాడు ఏమని ఇచ్చాడో రాసుకోండి. సారాకొట్టు దగ్గర నిలబడ్డ బిచ్చగాడికి మిగిలిన పూరీలు ఇచ్చే చోటు మర్చిపోవద్దు. జీవితంలో మొదటిసారి ఇవ్వడంలో ఉన్న గర్వం మాధవ్‌కి అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత ఒక అరపేజీలో, 'మంచివాడు', 'చెడ్డవాడు', 'పాపం' అనే మూడు మాటలూ వాడకుండా, ఘీసూ ఎలాంటి మనిషో రాయండి. వచ్చే పాఠంలో ఇదే పద్ధతితో విశాఖపట్నం కోర్టుల చుట్టూ తిరిగే రావిశాస్త్రి సారా కథలు పట్టుకుందాం. అక్కడ డబ్బు ఇంకా వేగంగా చేతులు మారుతుంది.