‘ఓవర్‌వెయిట్’ అనే మాటను ఎక్కడ, ఎలా వాడాలి

‘ఓవర్‌వెయిట్’ అనే ఆంగ్లపదం పోలికతో పుట్టే మాట. ఏదో ఒక హద్దు ఉండి, బరువు దానిని దాటినప్పుడే దీనికి అర్థం ఏర్పడుతుంది కాబట్టి, వాడే ముందు ఆ హద్దు ఏమిటో తేల్చుకోవాలి.

వైద్యంలో ఈ హద్దు స్పష్టంగా ఉంది. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బీఎంఐ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవారిలో అది 25 నుంచి 30 లోపు ఉంటే ఓవర్‌వెయిట్, 30 గాని అంతకు మించి గాని ఉంటే ఒబీసిటీ. 1.70 మీటర్ల ఎత్తు, 80 కిలోల బరువు ఉన్నవారికి బీఎంఐ సుమారు 27.7 వస్తుంది, వారిని ‘ఒబీస్’ అనడం తప్పు. అందుకే తెలుగులో మొదటిదానికి ‘అధిక బరువు’, రెండవదానికి ‘ఊబకాయం’ అని వేరువేరుగా రాయాలి. ఈ రెండింటినీ కలిపేయడం పత్రికల్లో కూడా కనిపించే పొరపాటు. దానివల్ల చదివేవారు లేనిపోని భయానికి లోనవుతారు. కండపుష్టి వల్ల బరువు పెరిగినా బీఎంఐ పెరుగుతుంది గనుక, ఈ మాటను కొవ్వుకు పర్యాయపదంగా వాడకూడదు.

వ్యాకరణపరంగా ఇది ప్రధానంగా విశేషణం. ‘ఆమెకు అధిక బరువు ఉంది’ అనే తెలుగు వాక్యాన్ని మనసులో పెట్టుకుని చాలామంది ‘షి హాజ్ ఓవర్‌వెయిట్’ అంటారు. వ్యవహారంలో ‘షి ఈజ్ ఓవర్‌వెయిట్’ అనాలి. ఎంత ఎక్కువో చెప్పాలంటే కొలతను ముందు పెట్టి, ‘టెన్ కిలోస్ ఓవర్‌వెయిట్’ అనాలి. ఒబీసిటీ నామవాచకం కాబట్టి దానికి ‘హాజ్’ సరిపోతుంది. మనిషిని ముందు పేర్కొని స్థితిని తరువాత చెప్పాలన్న ఉద్దేశంతో, ఇటీవలి వైద్య రచనల్లో ‘పీపుల్ విత్ ఓవర్‌వెయిట్’ అనే నామవాచక ప్రయోగం కూడా వచ్చింది. రాసేటప్పుడు మధ్యలో ఖాళీ వదలకుండా ఒకే పదంగా రాయాలి.

సామాను విషయంలో హద్దు రవాణా సంస్థ అనుమతించిన బరువు. తెలుగులో ‘పెట్టె మూడు కిలోలు ఎక్కువ తూగింది’ అంటే చాలు. పెట్టుబడుల భాషలో మాత్రం ‘అధిక బరువు’ అనే అనువాదం అర్థాన్ని పూర్తిగా చెడగొడుతుంది. అక్కడ ఓవర్‌వెయిట్ అంటే, ప్రామాణిక సూచీలో ఒక షేరుకో రంగానికో ఉన్న వాటా కంటే మన పెట్టుబడిలో ఎక్కువ వాటా ఉంచడం. కనుక అక్కడ ‘సూచీకి మించిన వాటా’ అని విడమరచి రాయాలి.

ఇక ఎదుటివారి గురించి చెప్పవలసి వచ్చినప్పుడు ‘లావుపాటివారు’ అనే మాట వద్దు. ‘అధిక బరువు ఉన్నవారు’ అంటే అర్థం చెడదు, వారి మనసూ నొప్పించినట్టు కాదు.