తుప్పు పట్టిన చిప్పు కాళ్లు బాగు చేయడం

సోంపేట నుంచి వచ్చిన పాత వీడియోగేమ్ బోర్డు ఒకటి మూడు వారాలు నా బల్ల మీదే ఉంది. 2018 తిత్లీ తుఫానుకి పార్లర్ రేకులు లేచిపోతే, బోర్డు ఊడదీసి అటకెక్కించేశారట. ఉప్పుగాలికి చిప్పుల కాళ్లు నల్లబడ్డాయి, అక్కడక్కడా ఎర్ర తుప్పు. శ్రీకాకుళంలో నా దగ్గరికి తీరం నుంచి వచ్చే బోర్డులు చాలావరకు ఇలాగే ఉంటాయి.

ముందు రంగు చూడండి. నలుపు అంటే వెండి పూత గాలిలోని గంధకంతో కలిసి మాసింది, లోపల కాలు గట్టిదే. ఎరుపు అంటే పూత పోయి కింది ఇనుము-నికెల్ లోహం తుప్పు పడుతోంది. అది ముట్టుకుంటే విరుగుతుంది.

నేను చూసినంతలో ఎక్కువ కాళ్లు పోయేది సాకెట్లోంచి, అంటే చిప్పు గుచ్చే గూట్లోంచి, పీకేటప్పుడే. చిప్పు గాడి ఎటుందో ఫోటో తీసుకోండి. సన్నటి చదును స్క్రూడ్రైవర్ చిప్పుకీ సాకెట్‌కీ మధ్య దూర్చి, ఈ చివర పిసరు, ఆ చివర పిసరు లేపండి. ఒకవైపే ఎత్తితే రెండోవైపు కాళ్లు వంగి తెగుతాయి. తొందరున్న రోజు ఈ పని పెట్టుకోకండి. గాజు కిటికీ ఉన్న ఈప్రామ్ అనే మెమరీ చిప్పు మీది స్టిక్కర్ మాత్రం పీకొద్దు. గేమంతా అందులోనే ఉంటుంది, అల్ట్రావయొలెట్ వెలుగు దాన్ని చెరిపేస్తుంది.

నలుపుని పెన్సిల్ రబ్బరుతో, పైనుంచి కిందికే రుద్దండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఫ్లక్స్ (లెడ్ బాగా అంటుకోడానికి రాసేది) రాసి, పల్చగా లెడ్, అంటే సోల్డర్, పట్టించండి. లెడ్ ముద్ద కడితే సాకెట్‌లో దిగదు.

సోంపేట ఈప్రామ్‌కి పదిహేనో కాలు సన్నబడేచోట విరిగింది. పైన వెడల్పు ముక్క మిగిలింది, అదృష్టం. అలాంటప్పుడు 28 కాళ్ల గుండ్రటి రంధ్రాల సాకెట్ కొత్తది తీసుకోండి. కత్తిరించిన రెసిస్టర్ కాలు ముక్కని పదిహేనో రంధ్రంలో నిలబెట్టి, చిప్పు దించి, ముక్కని ఆ మొండికి అతకండి. రెండు మూడు సెకన్లకు మించి సోల్డరింగ్ ఐరన్ ఆనించొద్దు. ఇక చిప్పు, కొత్త సాకెట్ రెండూ ఒకటే. కింది సాకెట్‌తో కలిపి బోర్డులో గుచ్చేయడమే. చిప్పుని మళ్లీ ఎప్పుడూ పీకక్కర్లేదు.

మొండి కూడా లేకుండా ఒంటికంటా విరిగితే, నల్ల ప్లాస్టిక్ చిప్పయితే సన్న ఆకురాయితో అక్కడ కొంచెం అరగదీయండి, లోపలి లోహం మెరుస్తుంది. దానికే తీగ అతకొచ్చు. పింగాణీ చిప్పుని అరగదీయకండి, లోపలి గాజు అతుకు పగులుతుంది.

గుచ్చేముందు మల్టీమీటర్ బీప్‌లో పెట్టి మొండి నుంచి సాకెట్ కాలుదాకా చూడండి, బీప్ రావాలి. తర్వాత అటూ ఇటూ ఉన్న కాళ్లతో చూడండి. వాటితో బీప్ వస్తే లెడ్ అంటుకున్నట్టే, తీసేయండి. పవర్ సప్లై 5 వోల్టులు సరిగ్గా ఇస్తోందో లేదో విడిగా కొలిచి, అప్పుడు బోర్డుకి ఇవ్వండి.