మీ ఊరి రేడియో చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

మాది జహీరాబాద్. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా అత్తమ్మ రోజూ సాయంత్రం ఏడింటికి పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు తడుతూ చిన్న రేడియోలో 90.4 పెట్టుకునేది. అది మా దగ్గరి మాచ్‌నూర్ ఊళ్లోని సంఘం రేడియో, పల్లె ఆడవాళ్లే నడుపుకునే కమ్యూనిటీ రేడియో. ఆమె పోయాక ఆ రేడియో గురించి రాద్దామని కూర్చుంటే, నాకు తెలిసింది ప్రారంభోత్సవం తేదీ ఒక్కటే. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉన్న స్టేషన్ కథ మీరూ రాయాలనుకుంటే, నాలుగేళ్లుగా తిరిగి నేను నేర్చుకున్నది మీకు పనికొస్తుంది.

ప్రారంభోత్సవం దగ్గర మొదలుపెట్టి ముందుకు వెళ్లకండి, అక్కడి నుంచి వెనక్కి నడవండి. సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న, గ్రామీణ మహిళా దినోత్సవం రోజున మొదలైంది. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. చాలామంది ఈ ఒక్క ముక్క రాసి దాటేస్తారు. నేను ఆగి, ఈయన్నే ఎందుకు పిలిచారని అడిగాను. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో సావంత్ ఉన్నారు. కేసు నిజానికి క్రికెట్ ప్రసారాల గురించి, బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్రానికీ మధ్య నడిచింది. ఆ తీర్పు తర్వాత 2002లో విద్యాసంస్థలకు, 2006 చివర్లో స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే దారి తెరుచుకుంది. కలకత్తా మైదానంలో మొదలైన తగాదా మాచ్‌నూర్ చేల దాకా ఎలా వచ్చిందో అర్థమయ్యాక, రాయాల్సింది ఎంతుందో తెలిసింది.

ఇంకా వెనక్కి వెళ్తే అసలు కథ దొరికింది. ఈ రేడియో వెనక ఉన్న స్వచ్ఛంద సంస్థ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. దాని సంఘాల్లోని ఆడవాళ్లు లైసెన్సుకు పదేళ్ల ముందే, యునెస్కో సాయంతో మైకు పట్టి రికార్డింగ్ మొదలుపెట్టారు. గాలిలోకి పంపే అనుమతి లేదు కాబట్టి ఆ క్యాసెట్లను సంఘం మీటింగుల్లో వేసి వినిపించేవాళ్లు. అంటే రేడియో లేకుండానే పదేళ్లు కార్యక్రమాలు నడిచాయి. అందుకే మీ నోటుబుక్కులో మూడు తేదీలు విడివిడిగా రాసుకోండి: మొదటి గొంతు రికార్డయిన రోజు, అనుమతి వచ్చిన రోజు, ప్రసారం మొదలైన రోజు. మీది ఆకాశవాణి కేంద్రమైతే, వేరే కేంద్రం కార్యక్రమాలు రిలే చేసిన కాలాన్ని, సొంత కార్యక్రమాలు మొదలైన కాలాన్ని కలిపేయకండి. ప్రభుత్వ ఆఫీసులు కాగితాలు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. పాత పత్రికల కోసం హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి. ఊరి పేరు రకరకాలుగా రాసి ఉంటుంది, అన్నీ వెతకండి. జిల్లా కూడా చూసుకోండి. మాది 2016 అక్టోబర్ దాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి.

పేర్ల దగ్గర జాగ్రత్త. సంఘం రేడియోను నిలబెట్టినవాళ్లలో ఇద్దరి పేర్లూ నర్సమ్మే. ఒకరిని జనరల్ నర్సమ్మ అంటారు, ఇంకొకరు ఆల్గోల్ నర్సమ్మ. "నర్సమ్మ చెప్పింది" అని రాస్తే రేపు చదివేవాళ్లకు ఏ నర్సమ్మో తెలియదు. మా వైపు ఒక్కో ఊళ్లో నలుగురు నర్సమ్మలుంటారు. ఊరి పేరు, వీలైతే అందరూ పిలిచే పేరు కూడా పక్కన రాయండి.

ఇక విన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. నా లెక్కలో చరిత్రలో సగం వాళ్ల దగ్గరే ఉంది. "ఏ సంవత్సరం?" అని అడగకండి, టెన్షన్ పడి ఏదో ఒక అంకె చెప్తారు. "అప్పుడు చేన్లో ఏం వేశారు? పెద్దమ్మాయి పెళ్లయిందా? ఇంట్లో కరెంటు ఉందా?" అని అడిగితే సంవత్సరం దానంతటదే బయటపడుతుంది. ఒక పెద్దమ్మ తన పెళ్లప్పుడే మాచ్‌నూర్ రేడియో విన్నానని గట్టిగా చెప్పింది. ఆమె పెళ్లయి నలభై ఏళ్లు. ఆమె మాటను కొట్టిపారేయలేదు. "అమ్మా, మెరుపు మెరిస్తే రేడియోలో చిటపటమనేదా?" అని అడిగాను. "అవును బిడ్డా, వానాకాలమంతా అదే గోల" అంది. అలా చిటపటలాడేది మీడియం వేవ్, అంటే పాత ఆకాశవాణి ప్రసారాలు వచ్చే బ్యాండు. కాబట్టి ఆమె విన్నది 738 కిలోహెర్ట్జ్ మీద వచ్చే హైదరాబాద్ ఆకాశవాణి అయ్యుంటుంది. ఎఫ్ఎంలో ఆ చప్పుడు దాదాపు వినపడదు. ఆమె జ్ఞాపకం అబద్ధం కాదు, వేరే స్టేషన్‌ది. ఆ వివరం కూడా నా పుస్తకంలో ఉంది.

వాళ్ల మాటను మార్చకండి. మాకు బీదర్ పక్కనే, మాటల్లో కన్నడం, ఉర్దూ కలుస్తాయి. సంఘాన్ని "సంగం" అంటారు. పుస్తక భాషలోకి దిద్దితే ఆ రేడియో ఎవరి కోసం పుట్టిందో కనపడకుండా పోతుంది.

క్యాసెట్ల విషయంలో మాత్రం తొందరపడండి, జాగ్రత్తగా తొందరపడండి. కమ్యూనిటీ రేడియో నిబంధనల ప్రకారం ప్రసారమైన కార్యక్రమాన్ని మూడు నెలలు దాచి ఉంచితే చాలు. ఆ తర్వాత అది మిగిలేది ఎవరో ఒకరి శ్రద్ధ వల్లే. మా అత్తమ్మ నాట్ల పాట పాడిన క్యాసెట్ ఒకటి ఇరవై ఏళ్లుగా ట్రంకుపెట్టెలో ఉంది. దొరికిన సంతోషంలో పాత టేప్ రికార్డర్లో పెట్టి నొక్కేశాను. రీలు చిక్కుకుని నలిగింది, తెగింది. రెండో చరణం ఇప్పటికీ లేదు. ఆ తప్పు మీరు చేయకండి. మొదట క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచేయండి, పొరపాటున దాని మీద రికార్డు అవదు. రీలు మీద తెల్లగా బూజు కనపడితే అసలు ఆడించకండి, తెలిసినవాళ్లకు ఇవ్వండి. బాగుంటే పెన్సిల్‌తో నెమ్మదిగా తిప్పి బిగువు సరిచేయండి. ప్లేయర్ హెడ్‌ను, అంటే రీలు తాకే భాగాన్ని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక పనికిరాని క్యాసెట్ వేసి పరీక్షించాకే అసలుది పెట్టండి. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఎంపీ3 వద్దు, శబ్దాన్ని కుదించని వేవ్ (WAV) ఫైలుగా ఉంచండి. మూడు కాపీలు చేసి, ఒకటి వేరే ఊళ్లో పెట్టండి. ఫైలు పేరులోనే ఎవరు, ఏ ఊరు, ఎప్పుడు అన్నది రాయండి.

మనుషులు కూడా ఆగరు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నడిపించిన పి.వి. సతీష్ దూరదర్శన్‌లో పనిచేసి వచ్చినవారు. పల్లె ఆడవాళ్ల చేతికి మైకు, కెమెరా ఇచ్చినవారు. నేను రాసుకున్న ప్రశ్నల్లో పదకొండు ఆయనకోసమే. 2023 మార్చిలో ఆయన పోయారు, అవి అలాగే ఉన్నాయి. మీ జాబితాలో అందరికంటే పెద్దవాళ్ల పేర్లు పైకి తెచ్చి, ఈ వారమే వాళ్ల గడప తొక్కండి. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి, ఒప్పుకున్న మాట కూడా రికార్డు చేయండి.

రాసింది అచ్చుకు ఇచ్చే ముందు వాళ్ల వాకిట్లో కూర్చుని చదివి వినిపించండి. నేను ఒకచోట కొర్రలు అని రాశాను. చదువుతుంటే ఒకామె చెయ్యి అడ్డం పెట్టి, "కొర్రలు కాదు, ఆ ఏడు సామలు" అంది. మిగతా వాళ్లు కూడా సామలే అన్నారు. దిద్దాను.