టి కణాల్లోకి కార్ జన్యువు: లెంటీవైరస్ మోతాదు కుదిరేదెలా

కార్-టి అంటే, క్యాన్సర్ కణాలను గుర్తించి చంపేలా రోగి టి కణాలకు (రోగనిరోధక తెల్లకణాలకు) కార్ అనే గ్రాహకం జన్యువును చేర్చే చికిత్స. ఇందులో జన్యువును రోగి ఒంట్లోకి నేరుగా ఎక్కించరు. టి కణాలను బయటికి తీసి, వాటిలో జన్యువు చేర్చి, సంఖ్య పెంచి తిరిగి ఎక్కిస్తారు. జన్యువును కణంలోకి మోసుకెళ్లడానికి ఒక వాహకం కావాలి. అడినోవైరస్ తెచ్చిన జన్యువు క్రోమోజోములో కలవదు కాబట్టి కణం విభజన చెందేకొద్దీ పలచబడిపోతుంది. ఎంఆర్ఎన్ఏ ప్రభావం కొద్ది రోజులే. అందుకే ఇక్కడ జన్యువును క్రోమోజోములో కలిపే లెంటీవైరస్‌దే పైచేయి. అమెరికాలో 2017లో అనుమతి పొందిన కిమ్రియా, మన దేశంలో 2023లో అనుమతి పొందిన నెక్స్‌కార్19 రెండూ దీనితోనే తయారవుతాయి.

కింద ఉన్నది పరిశోధన ల్యాబ్ పద్ధతి, రోగికి ఇచ్చే ఉత్పత్తికి కాదు. బయోసేఫ్టీ లెవెల్-2 గది, సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి ఉంటేనే మొదలుపెట్టండి.

ముందు టైటర్

సీసా మీద రాసిన టైటర్‌ను (మి.లీ.కు ఎన్ని వైరస్ రేణువులో చెప్పే అంకెను) గుడ్డిగా నమ్మకండి. పీ24 ఎలైసాతో (వైరస్ గుల్ల ప్రోటీన్‌ను కొలిచే పరీక్షతో) కొలిచిన అంకెలో ఉత్త గుల్ల రేణువులూ కలిసి ఉంటాయి. మీకు కావలసింది కణంలో నిజంగా జన్యువు దించగల రేణువుల లెక్క. ప్లేటులోని ఒక్కో వెల్‌లో (గుంటలో) లక్ష జుర్కాట్ కణాలు (ల్యాబ్‌లో పెంచే ఒక టి కణ రకం) వేసి, వైరస్‌ను వరుసగా పలుచన చేస్తూ కలపండి. నాలుగో రోజు ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతితో చూసి లెక్కించే పద్ధతిలో) కార్ ఉన్న కణాల శాతం చూడండి. 5 నుంచి 20 శాతం మధ్య వచ్చిన వెల్స్‌నే లెక్కకు తీసుకోవాలి. అంతకు మించితే ఒకే కణంలో రెండు మూడు రేణువులు దూరినా ఒకటిగానే కనబడి, టైటర్ అసలుకన్నా తక్కువ తేలుతుంది.

ఉదాహరణకు 0.01 మి.లీ. వైరస్‌తో 15 శాతం వచ్చిందనుకోండి. 1,00,000 × 0.15 ÷ 0.01, అంటే మి.లీ.కు 15 లక్షల యూనిట్లు. పది లక్షల టి కణాలకు ఎంఓఐ (కణానికి ఎన్ని వైరస్ యూనిట్లు అన్న నిష్పత్తి) 3 కావాలంటే 30 లక్షల యూనిట్లు, అంటే 2 మి.లీ. వైరస్ పట్టింది. శుద్ధి చేయని ద్రవాన్ని అంత పోస్తే ప్యాకేజింగ్ కణాలు (వైరస్‌ను తయారుచేసే కణాలు) వదిలిన వ్యర్థాలూ వెంట వస్తాయి. ముందే గాఢత పెంచుకోవడం మేలు.

కణాలను మేల్కొల్పడం

రక్తం నుంచి ఫైకాల్ ద్రావణంతో తెల్లకణాలు వేరుచేసి, అందులోంచి టి కణాలను మళ్లీ విడిగా ఏరండి. ఈ రెండో మెట్టును దాటేయాలనిపిస్తుంది, దాటొద్దు. ఒకే ఒక్క లుకేమియా (రక్తక్యాన్సర్) బి కణంలోకి కార్ జన్యువు చేరి, అది చికిత్సకు దొరక్కుండా తప్పించుకుని జబ్బు తిరగబెట్టిన ఉదంతం 2018లో ప్రచురితమైంది.

మి.లీ.కు పది లక్షల కణాలు ఉంచి, సీడీ3/సీడీ28 పూసలు (టి కణాలను ఉత్తేజపరిచే అయస్కాంత పూసలు) కణానికి ఒకటి చొప్పున, ఐఎల్-2 (టి కణాలను పెంచే ప్రోటీన్) మి.లీ.కు 100 యూనిట్లు వేయండి. వైరస్ 24 గంటల తర్వాతే. నిద్రావస్థలో ఉన్న టి కణం పైన వైరస్‌కున్న వీఎస్వీ-జీ ప్రోటీన్ తొడుగు పట్టుకునే ఎల్‌డీఎల్ గ్రాహకాలు తక్కువ, లోపల డీఎన్ఏ ముడిసరుకూ తక్కువ. తొందరపడితే ఖరీదైన వైరస్ వృథా.

వైరస్ కలపడం

వైరస్‌ను మంచు మీద కరిగించండి. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టిస్తే టైటర్ పడిపోతుంది, కనుక మొదట్లోనే చిన్న చిన్న వాటాలుగా మైనస్ 80లో పెట్టుకోవాలి. వైరస్ కణాలకు అతుక్కునేందుకు ప్రొటమైన్ సల్ఫేట్ మి.లీ.కు 10 మైక్రోగ్రాములు కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో 32 డిగ్రీల వద్ద 800 జి బలంతో 90 నిమిషాలు తిప్పండి. అదే పనిచేసే పాలీబ్రీన్ చవకే గానీ టి కణాలు దానికి సరిగా ఓర్చుకోవు. మర్నాడు మీడియం మార్చండి.

ఎంఓఐ ఎంత? పాయిసాన్ సంభావ్యత లెక్కన ఎంఓఐ 1 దగ్గర 63 శాతం కణాలకు జన్యువు అందుతుంది, కానీ అందినవాటిలో సుమారు 42 శాతానికి ఒకటికన్నా ఎక్కువ ప్రతులు చేరతాయి. 3 దగ్గర 95 శాతానికి అందుతుంది, ఒకే ప్రతి ఉన్నవి మొత్తంలో 15 శాతమే. టి కణాలు జుర్కాట్ అంత సులభంగా లొంగవు, కాబట్టి నిజంగా వచ్చే శాతం ఇంతకన్నా తక్కువే. అదే దాత కణాలు కొన్ని పక్కన పెట్టి 1, 3, 5లతో చిన్న పరీక్ష చేసి, అవసరం తీరే కనిష్ఠ మోతాదు ఎంచుకోండి. శాతం పెంచాలని వైరస్ గుమ్మరించడమే నేర్చుకునేవాళ్లు చేసే పెద్ద పొరపాటు: ప్రతులు పెరిగేకొద్దీ క్యాన్సర్ జన్యువుల దగ్గర దూరే ప్రమాదమూ పెరుగుతుంది, కణాలూ చస్తాయి.

కొలవడం

వైరస్ కలిపిన రెండో రోజే ఫ్లో సైటోమెట్రీ చేస్తే, వైరస్ తన పొర మీద మోసుకొచ్చిన కార్ ప్రోటీన్‌నే చూసి మోసపోతారు. అయిదో రోజు వరకు ఆగి, అయస్కాంతంతో పూసలు తీసేశాక చూడండి. ప్రతుల సంఖ్యను పది రోజులు దాటాక డిజిటల్ పీసీఆర్‌తో, ఆల్బుమిన్ జన్యువును కణానికి రెండుగా లెక్కగట్టి కొలవండి. ముందే కొలిస్తే వైరస్ తయారీలో మిగిలిపోయిన ప్లాస్మిడ్ (డీఎన్ఏ వలయం) ముక్కలూ ప్రతులుగా లెక్కకు వస్తాయి. కణాలన్నిటి సగటు 2 అని తేలినా, కార్ ఉన్నవి 40 శాతమే అయితే ఆ కణాల్లో అసలు సగటు 5. చికిత్సకు వాడే కణాల్లో దీన్ని 5 లోపు ఉంచడం ఆనవాయితీ, కాబట్టి అలాంటి బ్యాచ్‌ను తక్కువ ఎంఓఐతో మళ్లీ చేయాల్సిందే.