వానల్లో వాటర్లూ సైన్యానికి రంగులేసే ముందు

వచ్చే నెల బల్ల మీద చిన్న సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధం ఆటకి 1815 నాటి ఫ్రెంచ్ పదాతిదళం బొమ్మల్ని సిద్ధం చేస్తున్నవాళ్లు ఇవి చూసుకోండి.

• ముసురు పట్టిన రోజు స్ప్రే వార్నిష్ కొట్టొద్దు. గాల్లో తేమ ఎక్కువుంటే తెల్లటి పొర కట్టేస్తుంది. నా ఇరవై నాలుగు బొమ్మలు అలాగే పోయాయి, నీలం కోట్లన్నీ బూజు పట్టినట్టు అయిపోయాయి, మూడు వారాల పని అది. ఆగలేకపోతే బ్రష్‌తో వేసే మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ వాడండి, అదీ ముందు ఒక పాత బొమ్మ మీద.

• బేస్ (బొమ్మల కాళ్ల కింద అతికించే పలక) సైజు ఫ్రెండ్స్‌తో ఖాయం చేసుకున్నాకే అతికించండి. చాలా ఆట రూల్స్‌లో దళం వెడల్పుకి అదే లెక్క. తర్వాత ఊడదీస్తే కాళ్ల దగ్గర విరుగుతాయి.

• రెజిన్, లోహపు బొమ్మల్ని గిన్నెలు తోమే సబ్బుతో, పాత టూత్‌బ్రష్‌తో కడగండి. అచ్చు నుంచి అంటిన జిడ్డు మిగిలితే ప్రైమర్ (రంగుకి ముందు వేసే తొలి పూత) పెచ్చులూడుతుంది.

• కోట్ల ముదురు నీలాన్ని ఒక మెట్టు లేతగా కలపండి. అసలు రంగు వేస్తే బల్ల అవతలి నుంచి నల్లగా కనిపిస్తుంది, పైగా శత్రువులైన ప్రష్యన్లదీ ముదురు నీలమే, కలిసిపోతే ఆట మధ్యలో ఒకటే గందరగోళం.

• తీసుకెళ్లడానికి బేస్ కింద అయస్కాంతం ముక్క, ఒక రేకు డబ్బా చాలు. బయోనెట్లు (తుపాకీ చివరి కత్తులు) వంగవు.