అబద్ధపు ఆరోపణలో ఇరుక్కున్న సహోద్యోగి కోసం: శ్రీకాకుళం, విజయనగరం పోలీసు సిబ్బందికి దరఖాస్తు విధానం

పై అధికారి లంచాలకు అడ్డుపడ్డ హెడ్ కానిస్టేబుల్ మీదే లంచం ఆరోపణ వచ్చి పడితే, స్టేషన్‌లో నిజం తెలిసినవాళ్ళు ఉంటారు గానీ నోరు విప్పేవాళ్ళు దొరకరు. భయం ఒక కారణమైతే, ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో తెలియకపోవడం ఇంకో కారణం. ఆ రెండో కారణమైనా తొలగిపోవాలని ఇది రాస్తున్నాను.

మాట స్పష్టంగా ఉండటానికి ఒక సందర్భం అనుకుందాం. వంశధార రేవు నుంచి రాత్రిపూట పర్మిట్ లేని ఇసుక లారీ వచ్చింది. హెడ్ కానిస్టేబుల్ దాన్ని ఆపి, స్టేషన్‌కు తెచ్చి, రోజువారీ ఘటనలు రాసే జనరల్ డైరీలో రాశాడు. తెల్లారేసరికి పైనుంచి ఫోను వచ్చింది, లారీ వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు లారీ యజమాని పేరుతో పిటిషన్: హెడ్ కానిస్టేబుల్ డబ్బులడిగాడని. వెంటనే సస్పెన్షన్ ఆర్డర్. అసలు డబ్బు ముట్టింది లారీని వదిలించిన అధికారికి.

ఇక్కడ చేయాల్సినవి రెండు పనులు. మనవాడిని కాపాడుకోవడం ఒకటి, ఆ అధికారి అవినీతిని బయటపెట్టడం ఇంకొకటి. రెండింటినీ ఒకే అర్జీలో కలిపి రాసేస్తారు చాలామంది, అక్కడే దెబ్బతింటారు. మొదటిది శాఖాపరమైన విచారణ, అది ఎస్పీ ఆఫీసులో నడుస్తుంది. రెండోది నేరం, అది అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీకి) వెళ్ళాలి. కలిపి రాస్తే ఎస్పీ ఆఫీసులో అది తప్పించుకోవడానికి చేసిన ఎదురు ఆరోపణలా కనిపిస్తుంది, ఏసీబీలో సర్వీసు తగాదాలా కనిపిస్తుంది. మొదటి రోజు నుంచే రెండు ఫైళ్ళు వేరువేరుగా పెట్టుకోండి.

ముందు రికార్డు చెరిగిపోకుండా చూడండి

సస్పెన్షన్ ఆర్డర్ చేతికి రాగానే అందరూ వకీలు కోసం పరుగెడతారు. నా మాట వినండి, అంతకంటే ముందు రాయాల్సిన కాగితం ఒకటుంది. స్టేషన్ సీసీ కెమెరా రికార్డింగును భద్రపరచమని అడిగే కాగితం అది. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగు 18 నెలలు నిలవ ఉండాలని, అంత సామర్థ్యం దొరక్కపోతే కనీసం ఏడాదైనా ఉండాలని చెప్పింది. అయినా హార్డ్ డిస్కు పాడైందనే జవాబు రేపు రావచ్చు. మీరు ముందే రాసి ఇచ్చి ఉంటే, ఆ జవాబుకు సంజాయిషీ చెప్పుకోవాల్సింది వాళ్ళే అవుతారు.

ఈ అర్జీ సస్పెండైన ఉద్యోగి తన పేరు మీదే ఇవ్వాలి. ఇలా రాస్తే చాలు:

"జిల్లా పోలీసు సూపరింటెండెంటు గారికి. విషయం: నా మీద వచ్చిన ఆరోపణకు సంబంధించిన రికార్డులు భద్రపరచవలసిందిగా విన్నపం. సూచిక: ఫలానా తేదీ సస్పెన్షన్ ఉత్తర్వు. అయ్యా, పై ఉత్తర్వులోని ఆరోపణ ఫలానా తేదీ రాత్రి జరిగిన విషయానికి సంబంధించినది. ఆ రాత్రి 10 గంటల నుంచి మరునాటి ఉదయం 10 గంటల వరకు స్టేషన్ సీసీ కెమెరాల రికార్డింగు, ఆ రెండు రోజుల జనరల్ డైరీ, డ్యూటీ రోస్టరు, సెంట్రీ రిలీఫ్ పుస్తకం నా సంజాయిషీకి అవసరం. విచారణ పూర్తయ్యే వరకు వీటిని మార్చకుండా, చెరపకుండా భద్రపరచవలసిందిగా ఆదేశాలు ఇవ్వగలరని ప్రార్థన."

గమనించండి, ఇందులో ఎవరి మీదా ఒక్క ఆరోపణ లేదు. ఉండకూడదు కూడా. ఎస్పీ ఆఫీసు తపాల్ సెక్షన్‌లో ఇచ్చి, మీ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. ఒక ప్రతి విశాఖపట్నం రేంజ్ డీఐజీ గారికి పంపండి. శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఆ రేంజ్ కిందివే.

స్టేషన్ బయటి సాక్ష్యం ఇంకా తొందరగా పోతుంది. లారీ జాతీయ రహదారి మీదుగా వెళ్ళి ఉంటే మడపాం టోల్‌ప్లాజాలో, విజయనగరం వైపైతే నాతవలసలో దాని ఫాస్టాగ్ నమోదు, కెమెరా దృశ్యం ఉంటాయి. టోల్ నిర్వాహకులు ఆ దృశ్యాలు మీకు ఇవ్వకపోవచ్చు. అయినా భద్రపరచమని తేదీ, సమయం, వాహనం నంబరుతో ఒక లేఖ ఇచ్చి ఉంచండి.

ఫోన్ కాల్ వివరాల విషయంలో మాత్రం తెలిసిన సైబర్ సెల్ కుర్రాడిని బతిమాలి తెప్పించుకోవద్దు. అది చట్టవిరుద్ధం, దొరికితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. టెలికాం కంపెనీలు ఈ వివరాలను కనీసం రెండేళ్ళు దాచాలన్న లైసెన్సు షరతు 2021 డిసెంబరు నుంచి ఉంది. కాబట్టి తొందర లేదు, దర్యాప్తు సంస్థ అడిగితే అవి వస్తాయి. అలాగే జనరల్ డైరీని సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పడం వద్దు. విచారణలో అదే పుస్తకాన్ని హాజరుపరచమని అడిగే హక్కు మనవాడికి ఉంది.

సమాచార హక్కు కింద అడగదగ్గవి కొన్నుంటాయి. ఆ రోజు ఆ లారీకి పర్మిట్ జారీ అయిందా లేదా అన్నది జిల్లా గనుల శాఖ కార్యాలయాన్ని అడగండి. జిల్లా స్థాయి కార్యాలయానికి రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. పోలీసు రికార్డులు అడిగితే దర్యాప్తుకు ఆటంకమంటూ సెక్షన్ 8(1)(హెచ్) చూపిస్తారు. పర్మిట్ విషయంలో ఆ సాకు చెప్పడం కష్టం, అందుకే దానితో మొదలుపెట్టమంటున్నాను.

పక్కన కూర్చోవడానికి అనుమతి

సహోద్యోగి చేయగల అసలైన సాయం ఇదే. మన దగ్గర ఎక్కువమందికి తెలియనిది కూడా ఇదే. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) రూల్స్, 1991లో రూల్ 20 పెద్ద శిక్షలకు ముందు జరగాల్సిన విచారణ గురించి చెబుతుంది. దాని ప్రకారం ఛార్జ్ మెమోతో (ఆరోపణలు రాసిచ్చే నోటీసుతో) పాటు ఆరోపణల వివరణ, ఏ పత్రాల మీద ఆధారపడుతున్నారో ఆ జాబితా, సాక్షుల జాబితా ఇవ్వాలి. ఆరోపణకు గురైన ఉద్యోగి తన తరఫున వాదించడానికి మరో ప్రభుత్వ ఉద్యోగి సాయం తీసుకోవచ్చు. ఆయన్నే డిఫెన్స్ అసిస్టెంట్ అంటాం. శాఖ తరఫున వాదించే ప్రెజెంటింగ్ ఆఫీసర్‌గా వకీలు వస్తే తప్ప, మామూలుగా మనవైపు వకీలుకు చోటుండదు. అందుకే ఓరల్ ఎంక్వైరీ గదిలో మనవాడి పక్కన కూర్చునే ఆ ఒక్క మనిషి విలువ అంతా ఇంతా కాదు.

ఎవరిని పెట్టుకోవాలి? ఆ రాత్రి స్టేషన్‌లో ఉన్నవాడు వద్దు. అతను సాక్షిగా కావాలి, సాక్షే పక్కన కూర్చుని ప్రశ్నలు వేస్తే అతని వాంగ్మూలం పలచబడుతుంది. ఆ ఘటనతో సంబంధం లేని, కాగితం ఓపిగ్గా చదివే, ఎవరితోనూ గొంతు పెంచని మనిషిని చూసుకోండి. సర్వీసు రూల్స్‌లో నలిగిన మినిస్టీరియల్ (ఆఫీసు పని చూసే) ఉద్యోగి అయితే మరీ మంచిది.

అర్జీ ఎంక్వైరీ ఆఫీసర్ పేరుతో వెళ్తుంది. ఛార్జ్ మెమో నంబరు, తేదీ, సాయం చేసే ఉద్యోగి పేరు, హోదా, పనిచేస్తున్న చోటు రాసి, ఆయన సమ్మతి పత్రం జత చేయాలి. ఆ సమ్మతి రెండు వాక్యాలే: "నేను స్వచ్ఛందంగా ఒప్పుకుంటున్నాను. ఈ కేసులో నేను సాక్షిని కాను." విచారణ తేదీల్లో ఆయనను డ్యూటీ నుంచి రిలీవ్ చేయాలని పై అధికారికి కాపీ పెట్టడం మరచిపోవద్దు. బందోబస్తు డ్యూటీ పేరు చెప్పి సరిగ్గా ఆ రోజే ఆయన్ని ఎక్కడికో పంపేయకుండా ఈ కాపీ అడ్డుపడుతుంది.

ఆ తర్వాత పత్రాల కోసం రాతపూర్వకంగా అడగాలి. అడిగిన ప్రతి పత్రం పక్కన అది ఎందుకు కావాలో ఒక్క ముక్క రాయండి. జనరల్ డైరీ: లారీని ఆపిన సమయం రుజువు చేయడానికి. సెంట్రీ పుస్తకం: లారీ బయటికి వెళ్ళిన సమయానికి కాపలా ఎవరో తేల్చడానికి. కారణం రాయని పత్రాన్ని సంబంధం లేదని తోసిపుచ్చడం తేలిక. కారణం రాసినదాన్ని తోసిపుచ్చితే, ఆ తిరస్కరణే రేపు హైకోర్టులో మీకు పనికొస్తుంది.

పిటిషన్ పెట్టిన లారీ యజమానిని క్రాస్ ఎగ్జామిన్ చేసేటప్పుడు ఆవేశం వద్దు. పిటిషన్ ఎవరు రాసిపెట్టారు, ఏ రోజు ఇచ్చారు, లారీ ఎప్పుడు తిరిగి వచ్చింది, ఎవరు అప్పగించారు, రశీదు ఉందా. ఇంతే అడగండి. జవాబులు వాటంతట అవే ఆ అధికారి దాకా వెళ్తాయి. విచారణ ముగిశాక రిపోర్టు కాపీ ఇవ్వకుండా, దాని మీద మన మాట వినకుండా శిక్ష వేయడం చెల్లదు. 1993లో ఈసీఐఎల్, కరుణాకర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ సంగతి తేల్చింది.

ఏసీబీకి ఇచ్చే ఫిర్యాదు

ఇది రెండో ఫైలు. అవినీతి నిరోధక చట్టం, 1988లో సెక్షన్ 7 కింద లంచం తీసుకున్న ప్రభుత్వోద్యోగికి మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ వరకు శిక్ష ఉంటుంది. ఫిర్యాదుకు 1064 టోల్‌ఫ్రీ నంబరుంది. శ్రీకాకుళంలో, విజయనగరంలో ఏసీబీ డీఎస్పీలున్నారు. మన జిల్లాల కేసులు నడిచే ఏసీబీ ప్రత్యేక కోర్టు విశాఖపట్నంలో ఉంది.

ఫిర్యాదు ఎవరు ఇవ్వాలన్నది ఆలోచించాల్సిన విషయం. డబ్బు అడిగించుకున్న మనిషి ఇస్తే దానికి బలం ఎక్కువ. ఇంకా సొమ్ము చేతులు మారకపోతే ఏసీబీ వాళ్ళు ట్రాప్ పెడతారు. ఫినాఫ్తలీన్ పొడి రాసిన నోట్లు, మధ్యవర్తులుగా ప్రభుత్వోద్యోగులు, పట్టుకున్నాక సోడియం కార్బొనేట్ ద్రావణంలో వేళ్ళు ముంచితే గులాబీ రంగు. ఈ పద్ధతి పోలీసువాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇప్పటికే డబ్బు ఇచ్చేసిన వ్యక్తి అయితే సెక్షన్ 8 గుర్తుపెట్టుకోవాలి. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చినవాళ్ళు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తేనే రక్షణ. మరో ఇసుక లారీ యజమానో, స్టేషన్ చుట్టూ తిరుగుతున్న రైతో ఇదే అధికారి బాధితుడని మీకు తెలిస్తే, ఈ ఏడు రోజుల సంగతి ముందుగా వాళ్ళ చెవిన వేయండి.

పాత లావాదేవీల మీద ఫిర్యాదు ఇచ్చేది మీరే అయితే, మీరు కళ్ళారా చూసింది వేరుగా, విన్నది వేరుగా రాయండి. "ఫలానా తేదీ ఉదయం స్టేషన్ ఆవరణ నుంచి లారీ వెళ్ళడం చూశాను" అన్నది సాక్ష్యం. "డబ్బు తీసుకున్నాడని అందరికీ తెలుసు" అన్నది సాక్ష్యం కాదు. అధికారి తీసుకున్న నిర్ణయాల మీద విచారణకైతే సెక్షన్ 17ఏ కింద ముందస్తు అనుమతి కావాలి, అందుకు నెలలు పట్టొచ్చు. లంచం తీసుకుంటుండగా అక్కడికక్కడే పట్టుకునే కేసులకు ఆ అనుమతి అక్కర్లేదు. ఛార్జిషీటు కోర్టుకు వెళ్ళాక సెక్షన్ 19 అనుమతి ఉంటేనే కోర్టు కేసును స్వీకరిస్తుంది.

ఫోన్ సంభాషణ రికార్డింగు ఉంటే ఆ ఫోనును అమ్మకండి, రీసెట్ చేయకండి. వాట్సాప్‌లో పంపిన కాపీకి విలువ తక్కువ. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లో సెక్షన్ 63 సర్టిఫికెట్ జతపరచాలి, అందులో హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంఖ్య) రాయాలి. ఆ పని ఏసీబీ దర్యాప్తు అధికారి సమక్షంలో జరగనివ్వడమే క్షేమం.

పిటిషన్ అబద్ధమని, పెట్టినవాడి మీద బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 217, 248 సెక్షన్ల కింద వెంటనే కేసు పెట్టాలని చాలామందికి ఉంటుంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ మనవాడు నిర్దోషిగా తేలాక పెట్టండి. విచారణ నడుస్తుండగా పెడితే సాక్షిని బెదిరించాడన్న కొత్త ఆరోపణ మెడకు చుట్టుకుంటుంది.

మీ జాగ్రత్త

విలేకరుల దగ్గరికి వెళ్ళొద్దు. పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం, 1966 ప్రకారం అనుమతి లేకుండా పత్రికలతో మాట్లాడకూడదు. ఎంత మంచి ఉద్దేశమున్నా అది మీ మీద కొత్త ఛార్జ్ మెమోగా మారుతుంది. అవినీతిని బయటపెట్టేవాళ్ళ రక్షణకు 2014లో పార్లమెంటు చట్టం చేసింది గానీ దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ రాలేదు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. దాని మీద భరోసా పెట్టుకోకండి.

నిజంగా ప్రాణభయం ఉంటే సాక్షుల రక్షణ పథకం, 2018 ఉంది. దీన్ని సుప్రీంకోర్టు మహేందర్ చావ్లా కేసులో ఆమోదించింది. దరఖాస్తు జిల్లా జడ్జి అధ్యక్షతన ఉన్న కమిటీకి, ప్రాసిక్యూషన్ అధికారి ద్వారా వెళ్తుంది. ఆ కమిటీలో జిల్లా పోలీసు అధిపతి కూడా సభ్యుడే. బెదిరింపు శాఖలో వాళ్ళ నుంచే వస్తుంటే ఆ సంగతి దరఖాస్తులో మొదటి పేరాలోనే రాయండి. బెదిరించిన తేదీ, సమయం, ఫోన్ నంబరు, వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు పెట్టండి.

సస్పెన్షన్‌లో ఉన్నవాడి ఇల్లు

ఎఫ్ఆర్ (ఫండమెంటల్ రూల్స్) 53 కింద జీవనభృతి వస్తుంది. మొదట్లో అది సగం జీతపు సెలవులో వచ్చే మొత్తానికి సమానం, దాని మీద కరువు భత్యం. వేరే ఉద్యోగం చేయడం లేదన్న ధ్రువపత్రం ఇవ్వకపోతే ఆగిపోతుంది. మనసు విరిగి ఇంట్లో కూర్చున్న మనిషి అది ఇవ్వడం మరచిపోతాడు. నెలనెలా గుర్తుచేసి మీరే తీసుకెళ్ళి ఇవ్వండి.

మూడు నెలలు దాటినా ఛార్జ్ మెమో రాకపోతే, 2015లో సుప్రీంకోర్టు ఇచ్చిన అజయ్ కుమార్ చౌదరి తీర్పును ఉదహరిస్తూ సస్పెన్షన్ ఎత్తేయమని ఎస్పీ గారికి అర్జీ ఇవ్వాలి. జవాబు లేకపోతే హైకోర్టులో రిట్ వేయాలి. రాష్ట్ర అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ రద్దయింది కాబట్టి సర్వీసు కేసులు ఇప్పుడు నేరుగా అమరావతి హైకోర్టుకే వెళ్తాయి. అప్పుడు వకీలు చేతికి ఇవ్వాల్సినవి: సస్పెన్షన్ ఆర్డరు, ముద్ర వేసిన అర్జీ ప్రతులు, స్పీడ్ పోస్టు రశీదులు.

ఆరోపణ వీగిపోయి తిరిగి విధుల్లోకి తీసుకున్నా పని అయిపోయినట్టు కాదు. సస్పెన్షన్ కాలాన్ని డ్యూటీగా పరిగణిస్తూ ఎఫ్ఆర్ 54-బి కింద విడిగా ఉత్తర్వు రావాలి. అది లేకపోతే మిగతా జీతం రాదు, ఇంక్రిమెంట్లూ ప్రమోషనూ చిక్కుల్లో పడతాయి. జాయినైన వారంలోనే ఆ ఉత్తర్వు కోసం ఎస్పీ గారికి అర్జీ పెట్టించండి.